చిన్నక్క చేరవేసిన మాటలు

మే 28

పెద్దక్కకు,

కవరు మీద నా చేతిరాత చూడగానే చించి పారెయ్యకుండా ఇక్కడిదాకా చదివావంటే అదే పదివేలు.

తొమ్మిదేళ్ల తర్వాత నీకు రాస్తున్నాను. ఫోను చెయ్యొచ్చుగా అంటావేమో. చేస్తే మొదటి నిమిషంలో ఇద్దరం అరుచుకుంటాం, రెండో నిమిషంలో ఎవరో ఒకరం పెట్టేస్తాం. కాగితం మీదైతే నేను చెప్పేది అయ్యేదాకా నువ్వు అడ్డురాలేవు.

చిన్నక్క గుండెలో కవాటం పాడైందనీ, ఆపరేషన్ చెయ్యాలనీ తెలిసిన దగ్గర్నుంచి నువ్వు నీ కుట్టుపని మానుకుని వెళ్లి తన దగ్గరే ఉంటున్నావట. తనే చెప్పింది. 'పెద్దక్క ఉందిగా, నువ్వు నీ పని చూసుకో' అంది. అందుకే ఈ ఉత్తరం కూడా తన ఇంటికే పంపుతున్నాను. మన మధ్య ఎన్ని ఉన్నా, ఈ ఒక్కదానికి నీకు దణ్ణం పెట్టాలనిపించింది. మేడమీద ఆ రెండు గదుల్లో తను ఒక్కతే ఆయాసపడుతూ మెట్లెక్కుతోందని తలచుకుంటే నాకు ముద్ద దిగేది కాదు. ఇప్పుడు కాస్త నెమ్మదిగా ఉన్నాను.

నా పని గురించి అడిగావట కదా. 'వాడు బస్సులకు మాటలు నేర్పుతున్నాడట, నిజమేనా' అన్నావట. నిజమే. బస్సులు, చెత్తబళ్లు, వీధి దీపాలు, నీటి మీటర్లు, అన్నిటికీ సబ్బుపెట్టెంత పెట్టె ఒకటి బిగిస్తాం. టవరు ఉండదు. పైన కూర్చుని పెత్తనం చేసేవాడూ ఉండడు. ప్రతి పెట్టె కాసేపటికోసారి 'నేనిక్కడున్నాను' అని చుట్టుపక్కలకి చెబుతుంది. విన్నవి దానితో జట్టు కడతాయి. ఒక బస్సుకి ముందు రోడ్డు మూసి కనిపించిందనుకో, వెనక వచ్చే బండికి చెబుతుంది, అది ఇంకోదానికి. అలా మాట చేతులు మారుతూ ఊరు దాటుతుంది. ఒక పెట్టె చెడిపోతే మిగతావి వాటంతటవే వేరే దారి వెతుక్కోవాలి.

వెతుక్కోవడం లేదు, అదే మా తలనొప్పి. మేం పరీక్ష పెట్టిన ఊరిని రైలు పట్టాలు రెండు ముక్కలు చేశాయి. గేటు పక్కన దీపస్తంభం మీద ఒక పెట్టె ఉంది. అది మాటిమాటికీ చచ్చిపోతోంది. బ్యాటరీ మారుస్తాం, పది రోజులు బతుకుతుంది, మళ్లీ మామూలే. అది ఆగిన రోజు ఊరి రెండు ముక్కలకీ మాటల్లేవు. నాలుగు నెలలుగా కారణం తెలియక జుట్టు పీక్కుంటున్నాను. పీక్కోవడానికి పెద్దగా మిగల్లేదు కూడా. జూన్ 20న పెద్దవాళ్లు చూడ్డానికి వస్తున్నారు.

నువ్వు కుట్టి పంపిన నీలం చొక్కా ఆ రోజు వేసుకుంటాను. భుజాల దగ్గర కాస్త వదులైనా బాగుంది.

ఇంకొక్క మాట. అమ్మ విషయంలో 'వాడి కోసం ఒక్క పూట ఆగాల్సింది' అని చిన్నక్క ముందు ఏడ్చావట. అది విన్నాక నాలో కోపం సగం పోయింది. మిగతా సగం సంగతి నాకే తెలియదు.

ఇలా సంతకం పెట్టొచ్చో లేదో తెలియని
తమ్ముడు


జూన్ 5

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం నాకు నిన్న చేరింది. అక్కడ కింద వాటా ఆవిడ కవరు మీద నా పేరు చూసి, 'ఈవిడ ఇక్కడ లేరు కదా' అనుకుని నా షాపుకి పంపించింది. ఆవిడ పిల్లల బట్టలు కుట్టేది నేనే కాబట్టి చిరునామా ఆవిడ దగ్గరుంది, నీ అదృష్టం.

నేను నడిపిదాని దగ్గర, అదే నీ చిన్నక్క దగ్గర, ఉన్నానని ఎవరు చెప్పార్రా నీకు? నేనిక్కడ మిషను ముందు కూర్చున్నాను. బడులు తెరిచే రోజులు. తలెత్తితే యూనిఫాంల గుట్ట తప్ప గోడ కనిపించడం లేదు. నువ్వు దాని దగ్గర ఉన్నావనే కదా నేను ఇంత నిశ్చింతగా కత్తెర ఆడిస్తున్నది! 'తమ్ముడు సెలవు పెట్టి వచ్చాడక్కా, డాక్టర్లతో అంతా వాడే మాట్లాడుతున్నాడు, నువ్వు పని పాడుచేసుకుని రాకు' అని నాకు చెప్పింది. పైగా 'వాడు కాఫీ కూడా కలుపుతున్నాడు' అంది. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నువ్వేమిటి, కాఫీ కలపడమేమిటి!

నీ ఉత్తరం చదివి వెంటనే దానికి ఫోను చేశాను. నవ్వింది. 'వాడు మొన్నే వెళ్లాడక్కా, మళ్లీ వస్తాడు. నువ్వూ ఎలాగూ వస్తావు కదా అని వాడితో ముందే చెప్పేశాను, అంతే' అంది. నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఊపిరి కోసం ఆగింది. నాకది నచ్చలేదు.

ఇప్పుడు చొక్కా సంగతి. నా చేతి చొక్కా భుజాల దగ్గర వదులా? నిన్ను పదేళ్ల వయసు నుంచి కొలిచిన చేతులివి. కళ్లు మూసుకుని కత్తిరించినా నీ భుజానికి సరిపోతుంది. నేను నీకు ఏ చొక్కా పంపలేదు. అది ఏ బజారు సరుకో, నడిపిదే కొని ఉంటుంది. నాకు అబద్ధం నోట రాదని నీకు తెలుసు. 'ఈ రంగు మీకు నప్పదండీ' అని మొహం మీదే చెప్పి సగం గిరాకీ పోగొట్టుకున్నదాన్ని.

'ఆగాల్సింది' అని నేను అనలేదు. ఎవరి ముందూ ఏడవలేదు. ఏడిస్తే తలుపేసుకుని ఏడ్చి ఉంటాను, అది నా సొంత విషయం. ఎందుకంటాను అలా? నా తప్పు ఏముందని? నువ్వే 'పెద్దక్కని అందరి ముందూ నానా మాటలన్నాను, తప్పయిపోయిందని చెప్పు' అని నడిపిదానితో కబురు పంపావు. అందుకే నేను మెత్తబడ్డాను. లేకపోతే ఈ కవరు నిజంగానే చించేదాన్ని.

సరే, అదంతా తర్వాత. ముందు నువ్వు వెళ్లు. ఈ గుట్ట దించేదాకా నేను కదల్లేను, పిల్లలు బడికి చొక్కాల్లేకుండా వెళ్లలేరు కదా. నీ దీపస్తంభం నాలుగు రోజులు ఆగుతుంది.

పెద్దక్క

తా.క. నీ నంబరు నా దగ్గర లేదు. అప్పుడే తీసేశాను.


జూన్ 9

పెద్దక్కా,

ఆసుపత్రికే ఫోను చేసి కనుక్కున్నాను. ఆపరేషన్‌కి ఇంటివాళ్లు ఒకరు సంతకం పెట్టాలి, ఆ తర్వాత తోడుండాలి. చిన్నక్క ఒకసారి 'మా అక్క వస్తోంది' అని వాయిదా వేయించుకుంది, ఇంకోసారి 'మా తమ్ముడు దారిలో ఉన్నాడు' అని. వాళ్లిప్పుడు 23కి కొత్త తేదీ ఇచ్చారు. ఇంక వాయిదా వేస్తే కుదరదని గట్టిగా చెప్పారు. నాకు రోజూ ఫోను చేస్తుంది, అరగంట మాట్లాడుతుంది, ఇవేవీ నాకు చెప్పలేదు. నేను తిన్నానా, పడుకున్నానా, ఆ గేటు పెట్టె బతికిందా, అన్నీ అడుగుతుంది.

నాకు నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మా పనిలో ఒక నియమం ఉంది. మధ్యలో ఉన్న పెట్టె మాటను మోయాలి తప్ప ముట్టుకోకూడదు. 'రోడ్డు మూశారు' అని వస్తే 'రోడ్డు మూశారు' అనే పంపాలి. 'కాస్త ఇరుకుగా ఉంది, మెల్లగా రండి' అని మార్చి పంపే పెట్టె దొరికితే దాన్ని విప్పి బల్ల మీద పారేస్తాం. చిన్నక్క తొమ్మిదేళ్లుగా అదే చేసింది. నీ చొక్కా కూడా కుట్టేసింది. ఒంటికి సరిపడని చొక్కా వేసుకుని నాలుగు పండగలు చేసుకున్న వెర్రివాడిలా నాకు నేనే కనిపిస్తున్నాను.

నేను 'తప్పయిపోయింది' అనలేదక్కా. నువ్వు దాపరికం లేకుండా రాశావు కాబట్టి నేనూ రాస్తున్నాను. నేనెందుకంటాను? ఆ రోజు పొద్దున్న కొండదారి బస్సులో ఉన్నాను. అమ్మకి బాగాలేదని తెలిసి బయల్దేరినవాణ్ని. ఫోనులో ఒక్క గీత లేదు. కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి కూడా చూశాను, కండక్టరు తిట్టాడు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎవరి ఫోనూ రాలేదు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఎదురుగా మీవైపు నుంచి ఎన్నో బస్సులు వచ్చాయి. వాటిలో ఎవరికో ఒకరికి తెలిసే ఉంటుంది కదా, ఒక్క మాట నాకు అందించే దారి లేదా అనుకున్నాను. నేను ఈ పనిలోకి వచ్చింది అందుకే. టవరు లేకపోయినా ఒక బండి నుంచి ఇంకో బండికి మాట అందాలని. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

బస్సు దిగి పరిగెత్తుకుంటూ వచ్చేసరికి నువ్వు అంతా ముగించి గుమ్మంలో కూర్చున్నావు. అమ్మ మొహం చూడలేదు నేను. ఒక్క పూట, పెద్దక్కా. ఆ ఒక్క పూట ఎందుకు ఆగలేదు?

20న ప్రదర్శన అవగానే ఆ రాత్రి బండికే బయల్దేరి 22కి వస్తాను. సంతకం నేను పెడతాను. ఈలోపు నువ్వు వెళ్లగలిగితే వెళ్లు. నా నంబరు చిన్నక్క ఫోనులో ఉంది.

తమ్ముడు


జూన్ 13

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కుట్టు వంకర పోతోంది, మిషను ఆపేశాను.

ఆ రోజు నీతో ఎవరూ మాట్లాడలేదా? నిజం చెప్పు. ఒట్టేసి చెప్పు.

ఆ రోజు ఏం జరిగిందో నేను రాస్తాను. వాన. వాకిట్లో జనం చెప్పులు మోకాలి ఎత్తు గుట్ట. అందరూ నా మీద పడ్డారు, ఎంతసేపు ఉంచుతారు, రోడ్డు తెగితే వాడు రేపటిగ్గానీ రాడు, ఇంక కానివ్వండి అని. నేను కుదరదన్నాను. వాడొచ్చేదాకా ఎవరూ ముట్టుకోవడానికి వీల్లేదని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా నోరు నీకు తెలుసుగా, ఎవరూ దగ్గరికి రాలేదు. అప్పుడు నడిపిది ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్లింది. తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకుని, 'తమ్ముడితో మాట్లాడానక్కా. వాడు రావడం కష్టమట. పెద్దక్కని ఇబ్బంది పెట్టొద్దు, కానిచ్చెయ్యమన్నాడు' అంది.

అందుకే గుమ్మం విడిచాను. నువ్వు చెప్పావనే. సాయంత్రం నువ్వొచ్చి అందరి ముందూ 'మా అమ్మని నాకు చూపించకుండా చేశావు' అని అరిచినప్పుడు నాకు మతిపోయింది. పొద్దున్న కానిచ్చెయ్యమన్నవాడు సాయంత్రం ఇలా మాట మారుస్తాడా, జనం ముందు నన్ను దోషిని చేస్తాడా అని నా ఒళ్లు భగ్గుమంది. 'నీ కోసం శవం ఆగుతుందా' అన్నాను. నీ చెయ్యి పట్టుకుని బయటికి గెంటాను. అదిగో ఆ కోపమే ఇన్నాళ్లూ మోశాను. నువ్వు రెండు నాలుకలవాడివని అనుకుంటూ బతికాను.

నడిపిది అప్పుడు ఎక్కడుందో గుర్తు చేసుకోవడానికి చూస్తున్నాను. గోడకి ఆనుకుని నిలబడి ఉంది. నోరు విప్పలేదు.

ఇంక నేనిక్కడ కూర్చోలేను. మిగిలిన యూనిఫాంలు నా దగ్గర పనిచేసే ఆవిడకి అప్పజెప్పాను. నాకున్న ఒక్క ఫోనూ ఆర్డర్ల కోసం షాపులో ఆవిడకే వదిలేస్తున్నాను. రేపు బయల్దేరుతున్నాను. ముందు దాన్ని నాలుగు దులుపుతాను. అప్పుడు పక్కన కూర్చుంటాను. నువ్వు 22కి వచ్చెయ్యి. ముగ్గురం ఒక గదిలో కూర్చుని పోట్లాడుకుని ఎన్నేళ్లయిందో.

పెద్దక్క


జూన్ 18

పెద్దక్కా,

నువ్వు ఈపాటికి చేరి ఉంటావని అక్కడికే రాస్తున్నాను.

ఒట్టేసి చెబుతున్నాను. ఆ రోజు నాతో ఎవరూ మాట్లాడలేదు.

నాలుగు రోజులుగా పని చేస్తున్నాను, తింటున్నాను, జనంతో మాట్లాడుతున్నాను. లోపల మాత్రం ఒకటే రగులుతోంది. నిన్ను ఇన్నాళ్లు ఎంత అసహ్యించుకున్నానో చెబితే నువ్వు నమ్మవు. నీ షాపున్న వీధి వైపు బస్సు వెళుతుందంటే ఆ బస్సు ఎక్కేవాణ్ని కాదు. నువ్వు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డావని ఇప్పుడు తెలిసింది. నా కోసం నిలబడ్డదాన్ని తిట్టాను, నన్ను మోసం చేసినదాన్ని నెత్తిన పెట్టుకున్నాను. ప్రతి రోజూ దానితో అరగంట మాట్లాడాను. 'పెద్దక్కకి నీ మీద ఎంత ప్రేమో' అని చెబుతుంటే కళ్లు తుడుచుకున్నాను. సిగ్గుగా ఉంది నాకు.

నేను రావడం లేదు. సంతకం నువ్వు పెట్టు. మూడు రోజులుగా దాని నంబరు నుంచి ఒకటే ఫోన్లు. ఎత్తితే మళ్లీ ఏదో ఒక తియ్యటి మాట చెప్పి కరిగిస్తుంది, నాకు తెలుసు. అందుకే నిన్న ఆ నంబరు నాకు రాకుండా ఆపేశాను.

కింద రాసింది దానికి చదివి వినిపించు. మార్చకుండా, ఉన్నది ఉన్నట్టు. నువ్వైతే మార్చవనే నీకు పంపుతున్నాను.

'అమ్మ మొహం నాకు ఆఖరిసారి చూడనివ్వకుండా చేసింది నువ్వు. అక్కకీ నాకూ మధ్య గోడ కట్టి, ఆ గోడకి ఆ పక్క ఒకసారి, ఈ పక్క ఒకసారి పూలదండలు వేశావు. నువ్వు చెప్పిన ఏ మాట నిజమో, ఏది కాదో ఇక నాకు తెలియదు. నీ జబ్బు కూడా ఎంత నిజమో నాకు తెలియదు. నాకు ఫోను చెయ్యకు. నాకు ఒక్క అక్కే ఉంది, అది నువ్వు కాదు.'

ఇంతే.

గేటు పెట్టె సంగతి తేలింది, నీకు ఆసక్తి ఉంటే. అది చెడ్డ పెట్టె కాదు. అన్నిటికన్నా బాగా వినిపించేది అదే కాబట్టి అటు ముక్క, ఇటు ముక్క, ప్రతి మాటా దాని మీదుగానే పంపుకుంటున్నాయి. వేరే దారులున్నా ఎవరూ వాడటం లేదు. మోసీ మోసీ బ్యాటరీ అయిపోతోంది. చెరో పక్కా ఒక పెట్టె తోడు పెట్టి, బరువు పంచుకునేలా కొత్త నియమం రాశాం. మూడు రోజులుగా ఊరంతా చక్కగా మాట్లాడుకుంటోంది. ఎల్లుండి పెద్దవాళ్లు వచ్చి చప్పట్లు కొట్టి వెళతారు.

తమ్ముడు


జూలై 1

పెద్దక్కా,

అక్కడ నీతో ఒక్క మాట కూడా సరిగ్గా మాట్లాడలేకపోయాను. జనం ఉన్నారు. జనం వెళ్లాక నువ్వు వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉండిపోయావు, నేను మెట్ల మీద కూర్చుండిపోయాను. బస్సుకి వేళయిందని లేచినప్పుడు నువ్వు నా చొక్కా కాలరు సర్దావు. మళ్లీ వెనక్కి తిరగలేదు, తిరిగితే వెళ్లలేనని.

ఈసారి నా కోసం ఆగావు. ఎండలో, ఆ మేడమీద గదిలో, అందరూ తొందరపెడుతుంటే ఆగావని కింద వాటా ఆవిడ చెప్పింది. చిన్నక్క మొహం చూశాను. అలిసిపోయి పడుకున్నట్టుంది. లేచి 'తిన్నావా' అంటుందేమో అనిపించింది.

ఆ మూడు రోజులు ఆ నంబరు నుంచి ఫోను చేసింది నువ్వని నాకు తెలియదక్కా. నీ ఫోను షాపులోనే వదిలేస్తున్నట్టు నువ్వు రాశావు. నేను చదివాను కూడా. చదివినవాణ్ని, అది నువ్వయి ఉంటావని ఒక్క క్షణం ఆలోచించలేదు. ప్రదర్శన అయ్యాక నేను బళ్లతో ఊరవతలకి వెళ్లాను. నువ్వు 22న కింద వాటా ఆవిడ ఫోను నుంచి మా ఆఫీసుకి చెప్పిన కబురు నాకు మర్నాడు అందింది. అందగానే బయల్దేరాను. బస్సు కదిలిన కాసేపటికి ఆ నంబరు మళ్లీ తెరిచి ఫోను చేశాను. మోగింది, ఎవరూ ఎత్తలేదు. అప్పటికే అయిపోయిందట.

ఆ గేటు పెట్టె ఎందుకు ఆగిపోతోందని నాలుగు నెలలు తల బద్దలు కొట్టుకున్నాను. దానికి తోడు కావాలని కనిపెట్టినప్పుడు గెంతాను. చిన్నక్క పక్కన ఎవరున్నారని ఒక్కసారి వెళ్లి చూసి ఉంటే సరిపోయేది. పెద్దక్క ఉందిలే అనుకున్నాను, అంతే. నాకు అది హాయిగా ఉండేది కాబట్టి అలా అనుకున్నాను.

నాకు ఒకే ఒక్కటి తెలియాలి. నేను 18న రాసిన ఉత్తరం తను ఉండగా అందిందా? అందులోది చదివి వినిపించావా? చదివావనుకో, చదివానని రాయి. నువ్వు అబద్ధం చెప్పవు. ఏదైనా సరే నేను వింటాను. తెలియకుండా మాత్రం బతకలేను. ఆ వాక్యం, జబ్బు కూడా ఎంత నిజమో అని రాశానే, అది రోజూ పొద్దున్న నాతోపాటే లేస్తోంది.

తమ్ముడు


జూలై 6

తమ్ముడూ,

నువ్వు అడుగుతావని తెలుసు. అక్కడే అడిగి ఉంటే అక్కడే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, నేనూ గిన్నెలు పట్టుకుని తప్పించుకున్నాను.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

నేను వెళ్లేసరికి అది మంచం మీద లేదు, కుర్చీలో కూర్చుని నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడదట. పాదాలు ఉబ్బి చెప్పులు పట్టడం లేదు. నాలుగు దులుపుదామని వెళ్లినదాన్ని గుమ్మంలోనే సంచి దించేశాను. కళ్లు తెరిచి నన్ను చూసి, 'అయ్యో, యూనిఫాంలు ఏం చేశావే' అంది. ఆ సాయంత్రమే ఆసుపత్రిలో చేర్చాను. ఊపిరితిత్తుల్లో నీరు నిండింది, ఇంక కొయ్యడానికి లేదన్నారు. ఒక నెల ముందు తెచ్చి ఉంటేనా అన్నాడు డాక్టరు. ఎవరు తేవాలి? ఇద్దరికి ఇద్దరం ఉన్నాం.

అమ్మ రోజు సంగతి అడిగాను. అడక్కుండా ఎలా ఉంటాను? దాచలేదు. 'ఫోను కలవలేదక్కా. పదిసార్లు చేశాను. నువ్వు గుమ్మంలో నిలబడి వణికిపోతున్నావు, అందరూ నిన్ను పీక్కుతింటున్నారు. నిన్ను ఆ గుమ్మం దగ్గర్నుంచి తప్పించాలనిపించింది, అంతే. వాడొచ్చాక చెప్పేద్దామనుకున్నాను. వాడొస్తూనే అరిచాడు. భయమేసింది. మర్నాడు చెబుదామనుకున్నాను. ఆ మర్నాడు రాలేదు' అంది. ఆ తర్వాత 'ఒకటి అతకడానికి ఇంకోటి, దానికి ఇంకోటి. నువ్వైతే ఆ అతుకులు కనిపించకుండా కుట్టేదానివి' అని నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

నాకు కోపం పోలేదురా. ఇప్పటికీ ఉంది. అది చేసింది చిన్న పని కాదు. కానీ ఆ పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నప్పుడు కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. నీకూ తెలిసేది కాదు, వచ్చి ఉంటే. ఈ మాట నిన్ను పొడవడానికే రాస్తున్నాను. నువ్వు రావాల్సింది.

నీ ఉత్తరం 22న వచ్చింది. కింద వాటా ఆవిడ మధ్యాహ్నం ఆసుపత్రికి తెచ్చిచ్చింది. నేను కవరు దాచేలోపే అది చూసేసింది. 'తమ్ముడి రాతే కదా! చదువక్కా' అంది. కళ్లజోడు తీసేసి ఉంది, చేతుల్లో కాగితం నిలిచే బలం లేదు. మొహం మాత్రం దీపం పెట్టినట్టయింది.

ముందు నేను కళ్లతో చదువుకున్నాను. నువ్వు ఫోను ఎందుకు ఎత్తలేదో అప్పుడు తెలిసింది. ఆ తర్వాత దాని కోసం నువ్వు రాసిన వాక్యాలు. ఉన్నది ఉన్నట్టు చదవమన్నావు. నేను మార్చనని నమ్మి పంపావు.

మార్చాను. 'చిన్నక్కా, కోపం వచ్చిన మాట నిజమే. ఎల్లుండి పని అవగానే బయల్దేరుతున్నాను. నీ ఆపరేషన్ అయ్యాక తీరిగ్గా పోట్లాడుకుందాం. ఈలోపు పెద్దక్క చెప్పినట్టు విను, మందులు మానకు' అని చదివాను. నా జన్మలో మొదటి అబద్ధం. చెమట పట్టింది. కాగితం మొహానికి అడ్డం పెట్టుకున్నాను.

'ఇంకోసారి చదువు' అంది.

మొదటిసారి ఏం చెప్పానో నాకెక్కడ గుర్తుంటుంది? 'చిన్నక్కా, నాకేం కోపం లేదు. బయల్దేరాను. రేపటికి వస్తాను' అన్నాను. చదవడం ఆపి చూస్తే అది నన్నే చూస్తోంది. కళ్లలో ఆ పాత కొంటెతనం. ఇలాంటి పనిలో తొమ్మిదేళ్లు ఆరితేరినదాని ముందు నా నాటకం ఎంతసేపు ఆగుతుంది?

చెయ్యి చాపి కాగితం మీద పెట్టింది. నీ అక్షరాల మీద వేళ్లతో తడిమింది. 'వాడు గట్టిగా నొక్కి రాశాడు. కోపమొస్తే చిన్నప్పటి నుంచీ అంతే' అంది. నేను నోరు తెరవబోతే వద్దని తలూపింది. 'వాడు రాసింది తప్పేం కాదులే. దాన్ని వాడి దగ్గరే ఉండనీ. నాకు మాత్రం నువ్వు చదివింది బాగుందక్కా' అంది.

నీకు కావాల్సింది ఇదే కదా, రాశాను. ఆ వాక్యం దాని చెవిన పడలేదు. కానీ నువ్వేం రాసి ఉంటావో దానికి తెలుసు. తెలిసి కూడా నీ మీద కినుక పెట్టుకోలేదు. రెండూ నిజమే, ఏది వదిలిపెట్టినా నేను నడిపిదాన్ని అయిపోతాను.

ఆ తర్వాత కళ్లు మూసుకుని, నా చీర కొంగు పట్టుకుని, 'మళ్లీ చదువు' అంది.

నేను మూడోసారి మొదలుపెట్టాను.

పెద్దక్క